కినొసాకి ఒన్సెన్: చెక్క చెప్పులతో ఊరంతా తిరుగుతూ చేసే స్నానాలు

కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లను జపాన్‌లోని కినొసాకికి తీసుకెళ్లి "ఇదిగో ఏటి ఒడ్డు ఊరు" అంటే ముందు నవ్వొస్తుంది. ఊరి నడుమ పారే ఓతాని ఏరు మన బందరు కాలువలో సగం వెడల్పు కూడా ఉండదు. రెండు పక్కలా రాతి గోడలు, నీళ్ల మీదికి వంగిన విల్లో చెట్లు, మధ్యమధ్య నడ్డి వంచినట్టుండే చిన్న రాతి వంతెనలు, గట్టు వెంట రెండు మూడు అంతస్తుల చెక్క సత్రాలు. స్టేషన్ దగ్గర మొదలుపెట్టి అవతలి చివర రోప్‌వే దాకా తాపీగా నడిచినా ఇరవై నిమిషాల్లో ఊరు అయిపోతుంది. ఇంతదానికి విజయవాడ నుంచి పడుతూ లేస్తూ వెళ్లాలా అని అడిగితే, ఒక్క రాత్రికి వెళ్లి తీరాలి. పొద్దున వెళ్లి సాయంత్రం రైలెక్కేద్దాం అనుకుంటే మాత్రం వద్దు, ఆ డబ్బు క్యోటోలోనే ఖర్చుపెట్టుకోండి. ఈ ఊళ్లో మనం కొనుక్కునేది ఒకటే: చీకటి పడ్డాక యుకత అనే పల్చటి నూలు అంగరఖా కట్టుకుని, చెక్క చెప్పులు టకటకలాడిస్తూ, ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి ఏటి గట్టు వెంట నడవడం. పగటిపూట వచ్చి పోయేవాళ్లకు అది దక్కదు.

కినొసాకి హ్యోగో ప్రిఫెక్చర్‌లో, జపాన్ సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల ఇవతల, తొయోఒక నగర పరిధిలో ఉంది. ఒన్సెన్ అంటే వేడినీటి ఊట. ఇక్కడి ఊట నీళ్లలో జనం స్నానాలు చేయడం మొదలై 1,300 ఏళ్లయిందని చెబుతారు. ఏడు సార్వజనిక స్నానశాలలున్నాయి. "స్టేషన్ వాకిలి, వీధులు వరండాలు, సత్రాలు గదులు, స్నానశాలలు అందరి స్నానాల గది, మొత్తం ఊరే ఒక సత్రం" అన్నది ఈ ఊరివాళ్ల మాట. వినడానికి ప్రచారంలా ఉన్నా దీని వెనక ఒక కోర్టు వ్యాజ్యం ఉంది. ఒక సత్రం తన ఆవరణలోనే వేడినీళ్ల స్నానాలు పెట్టబోతే ఊరు అడ్డుకుంది. 1927లో మొదలైన ఆ తగవు 1950లో గాని రాజీతో తెగలేదు. ఊట నీళ్లు ఊరందరివి, వాటిని కలిపి ఒకచోట చేర్చి పంచుకోవాలి, సత్రం లోపలి తొట్లు చిన్నవిగానే ఉండాలి అని ఒప్పుకున్నారు. అందుకే ఎంత ఖరీదైన సత్రంలో దిగినా అతిథి వీధిలోకి రావాల్సిందే, వీధిలోకి వచ్చాడు కాబట్టే ఊరు రాత్రి పదింటికి కూడా కళగా ఉంటుంది. కాలువ నీటి వంతుల కోసం తరతరాలుగా తగవులాడుకున్న మన కృష్ణా డెల్టావాళ్లకు ఈ ముచ్చట వేరే చెప్పి అర్థం చేయించక్కర్లేదు.

ఇప్పుడు కనిపించే ఏటి గట్లు, వంతెనలు అతి పురాతనమైనవేమీ కావు. 1925 మే 23న వచ్చిన భూకంపంలో ఊరు కూలి, ఆ వెంటనే మంటల్లో కాలిపోయింది. తిరిగి కట్టుకునేటప్పుడు ఏటిని సరిచేసి రాతి గోడలు కట్టి, పాత పద్ధతిలోనే చెక్క ఇళ్లు లేపి, మంటలు పాకకుండా అక్కడక్కడా కాంక్రీటు భవనాలు పెట్టారు. కాబట్టి వందేళ్ల నాటి పునర్నిర్మాణాన్ని చూస్తున్నామని తెలుసుకుని చూస్తే ఇంకా బాగుంటుంది.

వెళ్లే దారి సంగతి. గన్నవరం నుంచి జపాన్‌కు నేరుగా విమానం లేదు. హైదరాబాద్ గాని చెన్నై గాని చేరి, బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్‌లలో ఒకచోట మారి ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయంలో దిగడం మామూలు పద్ధతి. మన దేశంలో ఉండేవాళ్లకు 2024 ఏప్రిల్ నుంచి పర్యాటక వీసాను ఇ-వీసాగా ఇస్తున్నారు, పాస్‌పోర్టులో స్టిక్కరు అంటించరు. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. విమానాశ్రయంలో ఆ వీసా నోటీసును ఫోన్లో ఇంటర్నెట్ ఉండగా అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాం, మీసేవలో కలర్ ప్రింటు తీయించుకున్నాం అంటే ఒప్పుకోరు. దిగగానే నెట్ పనిచేసేలా ఇ-సిమ్ గాని రోమింగ్ గాని ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి.

కన్సాయ్ నుంచి హరుక రైల్లో షిన్-ఒసాకాకు 50 నిమిషాలు, అక్కడ కోనొతోరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇంకో 2 గంటల 40 నిమిషాలు. క్యోటో నుంచైతే "కినొసాకి" అనే పేరున్న రైలే ఉంది, సుమారు రెండున్నర గంటలు, టికెట్ ఒక వైపు 5,500 యెన్ల లెక్కలో వేసుకోవచ్చు. పేరు చూసి మోసపోకూడదు, అదే పేరున్న సర్వీసుల్లో, కోనొతోరిల్లో కొన్ని మధ్యలో ఫుకుచియామ దగ్గరో తొయోఒక దగ్గరో ఆగిపోతాయి. బోర్డు మీద చివరి స్టేషన్ "కినొసాకి ఒన్సెన్" అని ఉందో లేదో చూసే ఎక్కాలి. క్యోటోలో పక్కన నిలబడే "హషిదతే" వేరే ఊరికి పోతుంది. ఒసాకా, హిమేజి, ఒకయామ కూడా తిరిగేవాళ్లకు జెఆర్ కన్సాయ్ వైడ్ ఏరియా పాస్ గిట్టుబాటు: ఐదు రోజులు, సుమారు 12,000 యెన్లు, కినొసాకి రానుపోను అందులోనే. దేశమంతా చెల్లే ఏడు రోజుల పాస్ 2023 అక్టోబరులో 50,000 యెన్లకు పెరిగాక ఈ ఒక్క ఊరి కోసం దాన్ని కొనడం దండగ. పెద్ద సూట్‌కేసులు లాక్కుని రావద్దు. క్యోటో హోటల్ నుంచి తక్యుబిన్ పార్సిల్లో తర్వాతి ఊరికి పంపేసి, ఒక రాత్రికి సరిపడా చిన్న సంచితో రండి. పాత సత్రాలు చాలావాటిలో లిఫ్టుండదు, మెట్లు నిటారుగా ఉంటాయి.

విమానం దిగిన రోజే ఇక్కడికి రావాలనుకోవడం రెండో పొరపాటు. సత్రంలో చెకిన్ మూడింటికి. రాత్రి భోజనం ఆరింటికో ఆరున్నరకో, చెప్పిన వేళకు వడ్డించేస్తారు. మన పెళ్లి భోజనాల్లాగా పది దాకా బంతులు సాగవు, ఆలస్యమైతే భోజనం పోయినట్టే, డబ్బు కూడా తిరిగి రాదు. రెండు, రెండున్నర మధ్య చేరే రైలు పట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది.

సత్రం అంటున్నాను గాని అక్కడి పేరు ర్యొకాన్. బుక్ చేసేటప్పుడు ఎంచుకోవాల్సింది గదికన్నా ముందు భోజనం ప్లాను. రెండు పూటల తిండి ఉన్నది, ఉదయం ఫలహారం మాత్రమే ఉన్నది, తిండి లేకుండా పడక మాత్రమే ఉండే "సు-దొమరి" అని మూడు రకాలు. రేటు గదికి కాదు, మనిషికి. మామూలు రోజుల్లో రెండు పూటల ప్లాను మనిషికి 20,000 నుంచి 30,000 యెన్ల మధ్య దొరుకుతుంది. దీనికి తోడు మనిషికి రాత్రికి 150 యెన్ల స్నానపు పన్ను చేతికి తీసుకుంటారు. వెబ్‌సైట్‌లో "ఇద్దరికి గది" అని కనిపించిన మొత్తాన్ని ఒక్కరి రేటనుకుని భయపడేవాళ్లూ, ఒక్కరి రేటును గది మొత్తానికనుకుని సంబరపడేవాళ్లూ, ఇద్దరూ ఉన్నారు. చూసి కట్టండి. గదిలో తతామి చాపలు, నేలమీద పరుపు. మనం భోంచేస్తుండగానో కిందికి వెళ్లినప్పుడో వాళ్లే వచ్చి పరుపు వేస్తారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు మంచం ఉన్న గది, కుర్చీలో కూర్చుని తినే భోజనశాల ఉందో లేదో ముందే అడగాలి. చెప్పులు వాకిట్లోనే వదలాలి, ఇది మనకు కొత్త కాదు. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లుంటాయి, వాటితోనే గదిలోకి వచ్చేయడం మాత్రం అందరూ ఒకసారైనా చేసే తప్పు.

చెకిన్ కాగానే యుకత, గెత అనే చెక్క చెప్పులు, తువ్వాళ్లు పెట్టుకునే చిన్న బుట్ట, ఏడు స్నానశాలలకూ ఉచితంగా పోనిచ్చే పాసు ఇస్తారు. సత్రంలో దిగనివాళ్లకు ఒక్కో స్నానానికి 800 యెన్లు, ఆ పైన ఖర్చు. యుకత కట్టడంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి. తిరగేసి కడితే అది శవానికి కట్టే పద్ధతి. మగవాళ్లు నడికట్టు బొడ్డు కింద, తుంటి మీద కట్టాలి, ఆడవాళ్లు నడుము దగ్గర. లోపల లోదుస్తులు, చలికాలమైతే పల్చటి బనియను వేసుకోవచ్చు, పైన వేసుకోవడానికి కోటు కూడా ఇస్తారు. గెత వేసుకున్నప్పుడు మడమ చెక్క దాటి వేలెడు బయటికి ఉండాలి, పెద్ద సైజు అడగనక్కర్లేదు. హవాయి చెప్పుల అలవాటున్న మనకు వేళ్ల మధ్య తాడు బాధించదు గాని, రాతి వంతెనల మీద వర్షం పడినప్పుడు జారుతుంది, పాదం ఎత్తి పెట్టాలి, ఈడ్చకూడదు. ప్రతి గెత మీద సత్రం పేరుంటుంది. స్నానశాల గుమ్మం దగ్గర వదిలినవి వందల్లో కలిసిపోతాయేమోనన్న బెంగ అక్కర్లేదు, అక్కడుండే పెద్దమనిషి మన యుకత నమూనా చూసి ఏ సత్రమో పోల్చి సరైన జత ముందు పెడతాడు.

ఇక అసలు ఇబ్బంది. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ఈత దుస్తులు, షార్టు, తువ్వాలు చుట్టుకుని దిగడం ఏదీ ఒప్పుకోరు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు గదులే, కానీ అందులో అందరూ దిగంబరులే. కృష్ణలో చీరతో మునిగిన అలవాటుకు ఇది మొదటి పది నిమిషాలు కొండంత కష్టం, ఎవరూ ఎవరినీ చూడరని తెలిశాక తేలిక. ఒప్పుకోలేనివాళ్లు బలవంతాన రావద్దు. అలాంటివాళ్లకు సత్రంలోనే లోపలినుంచి గడియ వేసుకుని వాడుకునే చిన్న తొట్టి "కషికిరి" ఉంటుంది, అది ఉన్న సత్రం చూసుకుని బుక్ చేయాలి. పిల్లల విషయంలో, ఏడేళ్లు దాటిన మగపిల్లాడిని తల్లితో ఆడవాళ్ల వైపు పోనివ్వరనే అనుకోండి. డయపర్ వేసే పసిపిల్లలను నీళ్లలోకి దించకూడదు.

లోపలి క్రమం ఇలా ఉంటుంది. బట్టలు విప్పి బుట్టలోనో లాకరులోనో పెట్టి, చిన్న తువ్వాలు ఒక్కటి చేతిలో పట్టుకుని లోపలికి. గోడ వెంట షవర్లు, వాటి ముందు చిన్న పీటలు. పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా రుద్దుకోవాలి. నిలబడి స్నానం చేస్తే పక్కవాళ్ల మీద చిందుతుంది, అది అక్కడ పెద్ద తప్పు. తలకు కొబ్బరినూనె ఉంటే షాంపూతో పోయేదాకా కడగాల్సిందే, లేకపోతే నూనె తెట్టెగా తేలుతుంది. తలంటు పోసుకోవడానికి ఇది చోటు కాదు. నలుగుపిండి, పసుపు అసలు తేవద్దు. అప్పుడే పసుపు రాసిన మంగళసూత్రం తాడు వేడినీళ్లలో రంగు వదులుతుంది. అలాంటి తాడు కట్టుకునే అలవాటున్నవాళ్లు ప్రయాణం వరకు గొలుసులో వేసుకుంటే మంచిది. సబ్బు నురగ ఒక్క చుక్క లేకుండా కడుక్కున్నాక తొట్టిలోకి. ముందు దోసిలితోనో చెంబుతోనో కాళ్ల మీద, భుజాల మీద నీళ్లు పోసుకోండి, నీళ్లు 42 డిగ్రీల దాకా ఉంటాయి, ఒక్కసారిగా దిగితే గుండె గుబేలుమంటుంది. చిన్న తువ్వాలు నెత్తిమీద పెట్టుకోవాలి, నీళ్లలో ముంచకూడదు. పొడవు జుట్టు ముడి వేసుకోవాలి. మునకలు వేయకూడదు. పుణ్యస్నానం అలవాటు కొద్దీ మూడు మునకలు వేయబోయేవాళ్లకు ఇది ముందే చెప్పడం మంచిది.

ఎంతసేపు? ఐదు నుంచి పది నిమిషాలు. లేచి కాసేపు గట్టున కూర్చుని మళ్లీ ఐదు నిమిషాలు. ఎక్కువమందికి కళ్లు తిరిగేది నీళ్లలో కాదు, లేచి నిలబడినప్పుడు. కాబట్టి అంచు పట్టుకుని మెల్లిగా లేవాలి. భోజనం చేసిన వెంటనే, మందు కొట్టాక, రక్తపోటు అదుపులో లేనప్పుడు, నెలసరిలో దిగకూడదు. బయటికి వచ్చేముందు తువ్వాలు పిండి ఒళ్లు తుడుచుకున్నాకే బట్టల గదిలోకి రావాలి, నేల తడిపితే చిన్నచూపు చూస్తారు. ఇక్కడి నీళ్లు ఉప్పుతనం ఉన్నవి, గంధకపు వాసన ఉండదు. ఆ ఉప్పు చర్మం మీద పల్చటి పొరలా నిలిచి వేడిని పట్టి ఉంచుతుంది, అందుకే చలికాలంలో కూడా యుకతతో వీధిలో తిరగగలుగుతారు. చర్మం మరీ సున్నితమైతే తప్ప పైన మంచినీళ్లు పోసుకోకండి. పచ్చబొట్లున్నవాళ్లకు ఒక శుభవార్త: జపాన్‌లో చాలా స్నానశాలలు వాళ్లను గుమ్మంలోనే ఆపేస్తాయి, ఇక్కడ ఏడింటిలోనూ అడ్డు చెప్పరు.

ఏడూ ఒకేలా ఉంటాయనుకోవద్దు, ఏడూ ఒకే సాయంత్రం చేయాలనీ అనుకోవద్దు. ఆరు చేసి ఏడోదానికి వెళ్లేసరికి స్నానం శిక్షలా అనిపిస్తుంది. భోజనానికి ముందు రెండు, ఎనిమిది దాటాక ఒకటో రెండో, తెల్లవారి ఒకటి. అది హాయిగా సాగే లెక్క. ఎక్కువ రాత్రి పదకొండు దాకా ఉంటాయి. వారంలో ఒక్కో రోజు ఒక్కోదానికి సెలవు, పైగా మరమ్మతులకు మూసే సందర్భాలుంటాయి, అందుకని తేదీ ఖాయం చేసేముందు సెలవుల పట్టిక చూడాలి.

ఒక్కటే చేయగలిగితే గోషొనొయు. క్యోటో రాజప్రాసాదం పోలికతో కట్టారు. లోపల తొట్టి వెనక కొండవాలు మీదినుంచి జలపాతం దిగుతుంటుంది, సగం ఆరుబయటే. జనం కూడా అక్కడే ఎక్కువ, ఏడు నుంచి తొమ్మిది మధ్య పీట కోసం నిలబడాల్సి వస్తుంది. ఇచినొయు ఊరి నడిబొడ్డున వంతెన పక్కన కాబుకి నాటకశాలలా ఉంటుంది, పేరుకు "మొదటిది" అని అర్థం, ఎడో యుగంలో (1603–1868) ఒక వైద్యుడు ఈ నీళ్లను దేశంలోకెల్లా మేలైనవని మెచ్చుకున్నందుకు వచ్చిన పేరు. రాయి తొలిచిన గుహలోని తొట్టి దీని ప్రత్యేకత. కోనొతోరి అంటే కొంగజాతి పక్షి, గాయపడిన ఆ పక్షి కాలు ముంచి నయం చేసుకున్న చోటని కోనొయుకు కథ. ఊరి చివర చెట్ల మధ్య ఉంది, రద్దీ తక్కువ, మాకు రెండో స్థానం దీనికే. మందరయులోని "మందర" పూజలో గీసే మన మండలమే. దోచి అనే సన్యాసి వెయ్యి రోజులు జపం చేస్తే 720లో ఊట పుట్టిందంటారు. యనగియు అన్నిటికన్నా చిన్నది, లోతు ఎక్కువ, నీళ్లు మరిగిపోతుంటాయి, చెక్క తొట్టి వాసన బాగుంటుంది గాని నలుగురు ఉంటే ఇరుకు. ఈ చివరి రెండూ మధ్యాహ్నం మూడింటికి గాని తెరవరు. జిజోయు ఊరివాళ్లు ఎక్కువగా వచ్చే సాదా స్నానశాల, ప్రత్యేకించి వెతుక్కుని వెళ్లనక్కర్లేదు. స్టేషన్ పక్కన సతోనొయు పెద్దది, కానీ దానిలో ఈ ఊరి గాలి తక్కువ, తెరిచి ఉందో లేదో కూడా ముందే కనుక్కోవాలి.

తిండి దగ్గర మనవాళ్లకు మార్కులు సగానికి సగం తగ్గుతాయి, శాకాహారులకైతే ఇంకా తక్కువ. చేపముక్క కనిపించకపోతే శాకాహారం అయిపోదు. ఎండబెట్టి చెక్కులా గీసిన కాత్సువో చేపతో కాచే "దషి" నీళ్లు మిసో పులుసులో, ఉడికించిన ఆకుకూరలో, గుడ్డు కస్టర్డులో, నంజుకునే చారులో, అన్నింట్లోనూ ఉంటాయి. కూరగాయల తెంపురా అడిగినా పిండిలో గుడ్డు కలుపుతారు, రొయ్యలు వేగిన నూనెలోనే వేస్తారు, అద్దుకునే చారులో మళ్లీ దషి. "మాంసం వద్దు" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే చేప వస్తుంది, "చేప వద్దు" అంటే దషి వస్తుంది. మాంసం, చేప, రొయ్య, పీత, గుడ్డు, దషి అని విడివిడిగా జపనీస్‌లో రాయించి, బుక్ చేసిన రోజే పంపాలి. చెకిన్ రోజు చెబితే వంటవాడు చేయగలిగేది ఏమీ ఉండదు. చాలా సత్రాలు మర్యాదగా "మావల్ల కాదు" అనేస్తాయి, అది నిజాయితీ, దాన్ని తప్పుపట్టకూడదు.

అలాంటివాళ్లు సు-దొమరి తీసుకుని సొంత ఏర్పాటు చేసుకోవడం మేలు. గదిలో వేడినీళ్ల కెటిల్ ఉంటుంది కాబట్టి ఇన్‌స్టంట్ ఉప్మా, అటుకుల కప్పులు పనికొస్తాయి. క్యోటోలోనే ఉప్పు మాత్రం వేసిన అన్నం ముద్దలు, 400 గ్రాముల ప్లెయిన్ యోగర్ట్ డబ్బా కొనుక్కుని వస్తే కందిపొడితో ఒక ముద్ద, పెరుగన్నం ఒక ముద్ద గడిచిపోతాయి. ఉమే అనే ఊరగాయ పండు పెట్టిన ముద్దల్లో కూడా కొన్నింట కాత్సువో కలుస్తుంది, సరుకు చీటీ ఫోన్ కెమెరాతో చదివించి చూడాలి. ఇంటి దగ్గరినుంచి పచ్చి కరివేపాకు, మామిడికాయలు, పళ్లు పట్టుకెళ్లకండి, విమానాశ్రయంలోనే లాక్కుంటారు. వీధిలో హోటళ్లు మధ్యాహ్నం బాగానే ఉంటాయి, రాత్రి ఎనిమిదయ్యేసరికి చాలావరకు తలుపులు మూసేస్తారు.

మాంసాహారులకు చలికాలం అసలైన పండగ. ఈ తీరంలో మగ మంచు పీతను మత్సుబ-గని అంటారు, వేట నవంబరు 6న మొదలై మార్చి 20తో ముగుస్తుంది. పక్కనే ఉన్న త్సుయియామ రేవులో దించిన పీత కాలికి నీలం ట్యాగు కడతారు, ప్లానులో ఆ ట్యాగు మాట రాసి లేకపోతే వేరే చోటినుంచి వచ్చిన ఫ్రోజెన్ సరుకు కావచ్చు. ఆ కాలంలో రేటు మనిషికి 30,000 యెన్లు దాటి ఎంతైనా పోతుంది. పచ్చిగా కొంత, బొగ్గుల మీద కాల్చి కొంత, కుండలో ఉడికించి కొంత, చివర ఆ కుండ నీళ్లలోనే అన్నం వేసి గుడ్డు కొట్టి జావలా. మసాలా ఊసు ఉండదు. సూర్యలంక, నిజాంపట్నం పీతల ఇగురు నాలుక మీద ఉన్నవాళ్లు గుంటూరు కారం పొట్లం బయటికి తీయబోతారు. మొదటి కాలు మాత్రం ఏమీ అద్దుకోకుండా తినండి, కాలిన పెంకు చీల్చి లాగితే దారాలు దారాలుగా వచ్చే ఆ కండ తియ్యగా ఉంటుంది. కారం కలిస్తే ఆ తీపి చచ్చిపోతుంది, అంత డబ్బు పోసింది దానికే.

గుడ్డు తినేవాళ్లకు చవకైన వినోదం రోప్‌వే దగ్గర ఉంది. పచ్చిగుడ్లు వలసంచిలో అమ్ముతారు, పక్కనే పొగలు కక్కే ఊట తొట్టిలో దారంతో వేలాడదీసి పది పదకొండు నిమిషాలు ఆగాలి. ఆగేలోపు పాదాలు పెట్టుకునే వేడినీళ్ల కాలువ పక్కనే. రోప్‌వే 1963 నాటిది, కొండ ఎత్తు 231 మీటర్లు, పైనుంచి ఊరు, మరుయామ నది, అవతల సముద్రం కనిపిస్తాయి. మధ్య మెట్టులో ఒన్సెన్‌జి గుడి దగ్గర తప్పక దిగండి. పూర్వం ఇక్కడికి వచ్చినవాళ్లు ముందు ఈ గుడికి ఎక్కి మొక్కుకుని, స్నానపు గరిటె తీసుకుని, ఆ తర్వాతే నీళ్లలో దిగేవారు. దుర్గాఘాట్‌లో మునిగి ఆపై కొండెక్కే మనకు ఇది సరిగ్గా తలకిందుల క్రమం.

రెండో రోజు మధ్యాహ్నం దాకా ఆగగలిగితే ఐదు కిలోమీటర్ల దూరంలోని గెంబుదో గుహలు చూడండి. 16 లక్షల ఏళ్ల నాటి లావా చల్లారి ఆరు పలకల స్తంభాలుగా చీలింది, పెన్సిళ్ల కట్ట నిలబెట్టినట్టుంటుంది. ఇక్కడి రాయిని పరిశీలించిన భూభౌతిక శాస్త్రవేత్త మతుయామ మొతొనొరి 1926లో దాని అయస్కాంత దిశ ఇప్పటి భూమికి తిరగబడి ఉందని గమనించాడు, భూమి ధ్రువాలు గతంలో తారుమారయ్యాయన్న మాటకు అది పునాది. సైన్సు చదివే పిల్లలుంటే ఈ ఒక్కదాని కోసమైనా ఆగండి. కొంగలంటే ఇష్టమున్నవాళ్లకు తొయోఒకలో కోనొతోరి పార్కు ఉంది. 1971లో జపాన్‌లో బయట స్వేచ్ఛగా బతికే ఈ పక్షి పూర్తిగా అంతరించింది, పెంచి మళ్లీ 2005లో ఇక్కడే ఆకాశంలోకి వదిలారు, రైతులు పురుగుమందులు తగ్గించి వరి పండించడం మొదలుపెట్టారు. ఉప్పలపాడు చెరువులో కొంగలు చూసి పెరిగిన గుంటూరువాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలంటే, ఏప్రిల్ మొదట్లో ఏటి పైభాగాన చెర్రీ పూలు, నవంబరులో ఎర్రటాకులు. జులై, ఆగస్టుల్లో మన ఉక్కపోతే ఉంటుంది, అందులో వేడినీళ్ల స్నానం తెలిసి చేసుకునే హింస. జనవరి, ఫిబ్రవరిల్లో మంచు పడుతుంది, ఫోటోలన్నీ అప్పటివే, గదుల రేట్లూ అప్పుడే ఎక్కువ. "అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు" అని ఆ తీరంలో సామెత, సత్రంవాళ్లు గొడుగు ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి.

క్యోటో నుంచి ఇద్దరు వెళ్లి ఒక రాత్రి ఉండి వస్తే రైలుకు 22,000, సత్రానికి మధ్యరకం ప్లానుతో 50,000, పన్ను 300 యెన్లు. వంద యెన్లు అరవై రూపాయల లోపే అనుకుంటే మొత్తం నలభై వేల పైచిలుకు. సు-దొమరి అయితే అందులో మూడో వంతు మిగులుతుంది. యెన్లు క్యోటోలోనే తీసి పెట్టుకోండి, చిన్న దుకాణాల్లో కార్డు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. మా లెక్కలో దంపతులకు, నలుగురు స్నేహితులకు ఐదుకు నాలుగున్నర. మడి కట్టుకునే పెద్దలతో, అన్నం పప్పు లేందే గడవని పిల్లలతో అయితే రెండున్నర.

తెల్లవారి స్నానానికి ఒక చిట్కా. ఏ స్నానశాలకైనా ఆ రోజు అందరికన్నా ముందు అడుగుపెట్టినవాళ్లకు "ఇచిబన్-ఫుద" అని చెక్క బిళ్ల ఇస్తారు, ఆడవాళ్ల వైపు ఒకటి, మగవాళ్ల వైపు ఒకటి. ఇచినొయు, గోషొనొయు, కోనొయు ఉదయం ఏడింటికే తెరుస్తాయి. మొదటి రెండింటి దగ్గర ఆరున్నరకే వరుస ఉంటుంది, కోనొయుకు వెళ్తే దొరికే వీలు ఎక్కువ. సత్రం తలుపు పొద్దున ఎన్నింటికి తీస్తారో రాత్రే కనుక్కోండి, గెత బదులు మెత్తటి చెప్పులడిగి తీసుకోండి. ఆ వేళ రాతి వీధిలో చెక్క చెప్పుల చప్పుడుకు ఊరంతా నిద్రలేస్తుంది.